వీసం తక్కువైన కొమ్ము

ఈ ఏడాది వేట లైసెన్సు కొనడానికి మిషిగన్‌లోని నోవైలో ఒక దుకాణానికి వెళ్లి లైన్లో నిలబడ్డాను. నా ముందు ఇద్దరు పెద్దమనుషులు నారింజరంగు టోపీలు పెట్టుకుని గట్టిగా వాదించుకుంటున్నారు. కొమ్ముకి ఒక పక్కన కనీసం మూడు మొనలు లేని మగజింకని ఎవరూ కొట్టకూడదని ఒకాయన పట్టు. పడుచు జింకల్ని వదిలేస్తేనే అవి పెరిగి, గోడకి పెట్టుకోదగ్గ కొమ్ములొస్తాయట. "మా ఇంట్లో అయిదుగురం. మేం గోడలు తినం," అన్నాడు రెండో ఆయన. కౌంటర్ వెనక ఉన్న అమ్మాయి ఇద్దరికేసీ విసుగ్గా చూసి, "అయ్యా, లైసెన్సు కావాలా, తీర్పు కావాలా?" అంది.

నవ్వొచ్చి జేబులో పెన్ను సర్దుకోబోతే వేలికి ఆరంగుళాల స్టీలు స్కేలు తగిలింది. అది నాది కాదు. మార్చిలో ప్రభువు దగ్గరికి వెళ్లిపోయిన మా అన్నయ్యది.

అన్నయ్య అంటే తోడబుట్టినవాడు కాదు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా తెలుగు సంఘంలో పెద్దవాళ్లందర్నీ అన్నయ్యా, అక్కయ్యా అనే పిలుస్తాం. పిల్లలు మాత్రం ఆయన్ని డీర్ అంకుల్ అనేవాళ్లు. ఆయన పేరు ఇక్కడ రాయను. సాక్ష్యం చెప్పేటప్పుడు దేవుని పేరు ఒక్కటి చెప్తే చాలు, మనుషుల పేర్లు చెప్తే వాళ్లు చెడిపోతారు అనేవాడు. తన పేరు ఇలా అచ్చులో చూస్తే నాతో నెలరోజులు మాట్లాడేవాడు కాదు.

కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు కొలతలు చూసే ఉద్యోగం ఆయనది. యంత్రం మీంచి వచ్చిన ముక్కని కొలవడం, సరిపోతే పంపడం, లేకపోతే పక్కన పడెయ్యడం. రిటైరయ్యాక ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన కొలవడాన్ని వదల్లేదు. చొక్కా జేబులో పెన్ను, పెన్ను వెనక స్కేలు. ఆదివారం ఆరాధనకి కోటు వేసుకొస్తే కోటు జేబులోకి మారేది, అంతే. నెలనెలా ప్రభువు బల్లకి రొట్టె కోసే పని ఆయనదే. ప్రతి ముక్కా అర అంగుళం, నాలుగు పక్కలా. కొత్తగా వచ్చిన ఒక చెల్లెలు, "అన్నయ్యా, ఆత్మీయమైన విషయానికి ఇంత కొలతెందుకు?" అని అడిగితే, "ఒకరికి పెద్ద ముక్కొచ్చి ఒకరికి చిన్న ముక్కొస్తే, కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తూ కూడా పక్కవాడి చేతిలోకి చూస్తామమ్మా. నన్ను నేను ఎరుగుదును," అన్నాడు.

వాళ్లావిడని మేం వదిన అంటాం. ఆవిడ చెప్పే కథ ఒకటుంది. గుంటూరులో పెళ్లిచూపులకి వచ్చిన పెద్దమనిషి పిల్లని చూడకముందే గుమ్మం చూసి, "ఇది ఎడం వైపుకి వంగిందండీ," అన్నాడట. "మా నాన్న బయటికి పొమ్మనబోయాడు. నేనే ఆపాను. గుమ్మం వంకర కనిపెట్టినవాడు నా వంకరలు కూడా ముందే చూసుకుంటాడు, తర్వాత గొడవుండదు అనుకున్నా," అనేది వదిన. "చూశాను. అయినా పాస్ చేశాను," అనేవాడు ఆయన, పళ్లెంలోంచి తలెత్తకుండా.

వేట ఆయన ఫ్యాక్టరీలోనే నేర్చుకున్నాడు. మిషిగన్‌లో నవంబరు మధ్యలో తుపాకీ సీజను మొదలైన రోజు ఫ్యాక్టరీ సగం ఖాళీ అయ్యేదట. అందరూ ఎక్కడికి పోతున్నారో చూద్దామని ఒక ఏడాది తనూ వెళ్లాడు. ఆ తర్వాత ఆగలేదు. ఉత్తరాన నాలుగు గంటల డ్రైవ్‌లో ఒక రైతుతో స్నేహం కలిసింది. ఏటా ఆ రైతు పొలాన్ని ఆనుకున్న అడవిలో వేట. తెచ్చిన మాంసాన్ని గ్యారేజీలో తనే కోసి, సంచుల్లో కట్టి, ఏ సంచీ వేపుడుకి, ఏది పులుసుకి, ఏది కీమాకి అని వాటి మీద తెలుగులో రాసేవాడు. సంఘంలో ఉద్యోగం పోయినవాళ్లకి, కొత్తగా వచ్చిన స్టూడెంట్లకి, పురిటి ఇళ్లకి ఆ సంచులు వెళ్లేవి. వదిన వేసవిలో పెరట్లో గోంగూర పెంచి ఫ్రీజర్లో దాచేది. జింక మాంసం, గోంగూర. దేవుడు నన్ను క్షమించుగాక, కొన్ని ఆదివారాలు ప్రసంగం చివర్లో నా ఆత్మ ఆ కూర చుట్టూనే తిరిగేది. కళ్లు కనపడని ముసలి తండ్రి వేటమాంసం రుచికి లోబడి ఒకడికి ఇవ్వాల్సిన దీవెన మరొకడికి ఇచ్చేశాడని సండే స్కూల్లో పిల్లలకి చెప్పేటప్పుడు, ఆ తండ్రి మీద నాకు ఎప్పుడూ కోపం రాలేదు.

ఆయన ఎక్కువగా ఆడజింకల్నే కొట్టేవాడు. దానికి వేరే లైసెన్సు ఉంటుంది. కొమ్ముల మీద ఆయనకి గౌరవం లేదు. "కొమ్ము ఉడకదు తమ్ముడూ," అనేవాడు. ఆయన చెప్పిన మాటల్లో నేను ఎక్కువసార్లు విన్నది ఇదే.

నాకు మాత్రం కొమ్ములు కావాలి. ఉన్నదున్నట్టు చెప్తాను. మా ఆఫీసులో నవంబరు వస్తే లంచ్ దగ్గర అందరూ ఫోన్లు తీసి తాము కొట్టిన జింకల ఫొటోలు చూపించుకునేవాళ్లు. ఎనిమిది మొనలు, పది మొనలు. నేను పెరుగన్నం తింటూ వినేవాణ్ణి. ఆయనతో వేటకి వెళ్లడం మొదలుపెట్టిన మొదటి ఏడాదే మా హాల్లో ఫైర్‌ప్లేస్ పైన పెద్ద మేకు కొట్టించాను, జింక తల తగిలించడానికి. రెండేళ్లు ఆ మేకు ఖాళీగానే ఉంది. నా భార్య దానికి క్రిస్మస్ నక్షత్రం తగిలించి, జనవరిలో తీసేసేది. "మీ జింక వచ్చిందా?" అని అడిగి మరీ తీసేది.

అడవిలో మా ఇద్దరికీ వాదన తప్పేది కాదు. ఒకసారి లేఖనంతోనే పట్టుకుందామనుకున్నాను. "అన్నయ్యా, పక్షి గూడు కనిపిస్తే పిల్లల్ని తీసుకో గానీ తల్లిని వదిలెయ్యమంటుంది ధర్మశాస్త్రం. మీరేమో మగవాటిని వదిలి తల్లుల్ని కొడతారు."

ఆయన ఫ్లాస్కులోంచి టీ పోస్తూ ఆలోచించాడు. "ఆ వాక్యం రాసిన రోజున ఆ ఊళ్లో ఆడజింకలు కార్లకి అడ్డం పడుతూ ఉండేవి కావు తమ్ముడూ. ఇక్కడ అవి ఎక్కువైపోయాయి. అసలు ఆ మాటకి అర్థం ఏంటి? దొరికింది కదా అని మొత్తం ఊడ్చెయ్యకు, రేపటికి కాస్త వదులు అని. నేను వదుల్తున్నానా లేదా?"

"వదుల్తున్నారు."

"మరి టీ తాగు."

వేటకి ముందు ఆయన ప్రార్థన చేసేవాడు. నారింజ టోపీ తీసి, మంచులో నిలబడి, తెలుగులో, మెల్లగా. నేనొకసారి అడిగాను, "మనం ప్రార్థన చేస్తున్నాం సరే, జింక కూడా చేస్తుంది కదా అన్నయ్యా, తనకేం కాకూడదని?"

"చెయ్యకేం. చేస్తుంది. అందుకే పదిసార్లలో తొమ్మిదిసార్లు దాని ప్రార్థనే ఆలకిస్తాడు," అన్నాడు.

మేం వేటాడే జిల్లాలో కొమ్ముల రూలు ఉంది. మగజింకని కొట్టాలంటే కొమ్ముకి ఒక పక్కన మూడు మొనలుండాలి, ఒక్కో మొన అంగుళానికి తగ్గకూడదు. ఆ రూలు ఉంచాలా తియ్యాలా అని టౌన్‌షిప్ హాల్లో ఒక శనివారం మీటింగ్ పెట్టారు. రూలు ఉండాలన్న పక్షానికి పెద్ద మా రైతే. ఆయన కొట్టం నిండా కొమ్ములే. వద్దన్న పక్షం తరఫున మాట్లాడటానికి మా అన్నయ్య పేరు రాయించుకున్నాడు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. అక్కడ ఉన్న నల్లటి మొహాలు మా రెండే.

ఆయన లేచి నిలబడి, ఇంగ్లీషుని తెలుగు నడకలో నడిపిస్తూ మొదలుపెట్టాడు. "ఫ్రెండ్స్, ఐ బాయిల్డ్ యాంట్లర్ వన్ హోల్ డే. స్టిల్ హార్డ్." హాలంతా నవ్వింది. తర్వాత అసలు మాట చెప్పాడు. సెలవు ఒక్కరోజే దొరికేవాడు ఉంటాడు, ఆ ఒక్కరోజూ చిన్న కొమ్ముల జింకే ఎదురౌతుంది, వాడు ఇంటికి ఖాళీగా పోవాలా? ఎవరి గోడ కోసం ఎవరి పళ్లెం ఆగాలి? ఇంకా చెప్పబోతుంటే గంట మోగింది. "నా టైమైపోయింది. మిగతాది ఈ డబ్బా చెప్తుంది," అని కింద పెట్టుకున్న స్టీలు క్యారియరు తీసి బల్ల మీద పెట్టాడు. నాలుగు గిన్నెలు. నాలుగింటా వదిన చేసిన జింక వేపుడు.

మా రైతు అవతలి పక్షం కుర్చీలోంచి లేచొచ్చి మూడుసార్లు వడ్డించుకున్నాడు. కళ్లలో నీళ్లు కారుతుంటే, "నీ మాట తప్పు. నీ కూర కరెక్టు," అన్నాడు.

రూలు ఉండిపోయింది. తిరిగి వస్తుంటే అన్నయ్య కోపంగా ఉంటాడనుకున్నాను. కారులో క్యారియరు మూతలు సర్దుకుంటూ, "సరే, రూలు రూలే. మూడు మొనలు, ఒక్కోటీ అంగుళం. కంటితో చూస్తే సరిపోదు, స్కేలు మర్చిపోకూడదు," అన్నాడు. అంతటితో ఆ విషయం వదిలేశాడు. మళ్లీ వాదించడం మీటింగుల్లోనే, అడవిలో కాదు.

నేను చెప్పదల్చుకున్నది ఆ తర్వాత వచ్చిన నవంబరు సంగతి.

ఆ ఏడాది నా మనసు బాగాలేదు. పన్నెండేళ్ల ఎదురుచూపు తర్వాత గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూ జనవరికి వచ్చింది. ఉద్యోగం, ఇల్లు, ఇద్దరు పిల్లల చదువు, అన్నీ ఆ ఒక్క గదిలో, ఒక్క ఆఫీసరు ముందు తేలాలి. రోడ్డు మీద స్పీడు లిమిట్‌కి అయిదు మైళ్లు తక్కువ నడిపేవాణ్ణి. వేటకి వద్దంది నా భార్య. రెండు రోజులు ప్రశాంతంగా చెట్ల మధ్య కూర్చుని వస్తానని చెప్పి వెళ్లాను.

ఉదయం ఎనిమిదైంది. రాత్రి పడ్డ మంచు మీద ఎండ. డెబ్భై గజాల దూరంలో ఫర్ చెట్ల పక్కనుంచి ఒక మగజింక బయటికొచ్చి పక్కకి తిరిగి నిలబడింది. తుపాకీ మీది దుర్బిణిలోంచి కుడి కొమ్ము లెక్కపెట్టాను. పైన ఒకటి, దాని కింద ఒకటి, నుదుటి దగ్గర పొట్టిది ఒకటి. మూడు. ఇంకోసారి లెక్కపెట్టాను. మూడే. కాల్చాను. జింక నాలుగు అడుగులు వేసి కూలిపోయింది.

పరుగెత్తాను. ఎనిమిది మొనలు కాదు, పది కాదు, అయినా కొమ్ములు కొమ్ములే. మోకాళ్ల మీద కూర్చుని ఫొటో తీసుకున్నాను. మా ఇంట్లో మేకు కళ్లముందు కనిపించింది. మనసులో ఆఫీసులో అందరికీ ఫోను తిప్పి చూపించేశాను కూడా.

అన్నయ్య చప్పుడు విని తన చెట్టు దగ్గర్నుంచి నడిచొచ్చాడు. ముందు టోపీ తీసి, జింక పక్కన నిలబడి స్తోత్రం చెప్పాడు. తర్వాత నా భుజం తట్టాడు. ఆ తర్వాత జేబులో చెయ్యి పెట్టాడు.

పై మొనలు రెండూ బాగా పొడుగున్నాయి, వాటిని కొలవనే లేదు. నుదుటి దగ్గరి పొట్టిదానికి స్కేలు ఆనించాడు. చూశాడు. కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకుని మళ్లీ చూశాడు. స్కేలు తిప్పి రెండో అంచుతో మూడోసారి చూశాడు.

"పదిహేను," అన్నాడు.

"పదిహేనేంటి అన్నయ్యా?"

"పదహారింట పదిహేను. అంగుళానికి వీసం తక్కువ."

ఎడమ కొమ్ముకి రెండే మొనలు. అంటే నేను కొట్టకూడని జింకని కొట్టాను.

"చలికి కాస్త ముడుచుకుందేమో," అన్నాను. ఇంత చదువుకున్నవాణ్ణి, నా నోట్లోంచే వచ్చిందా మాట.

"కొమ్ము తమ్ముడూ. రబ్బరు కాదు."

ఈలోగా మా రైతు నాలుగు చక్రాల బండి మీద వచ్చాడు. వాళ్ల మాటలన్నీ ఇంగ్లీషులోనే, నేను తెలుగులో రాస్తున్నాను. విషయం విని, వంగి ఆ మొనని చూసి, "నా కంటికి అంగుళమే. నీ లైసెన్సు ట్యాగ్ దానికి కట్టెయ్యి," అన్నాడు నాతో.

"స్కేలు అలా అనట్లేదు," అన్నాడు అన్నయ్య.

"ఎవడు చూస్తాడు?"

"ఈ రూలు కావాలన్నది నువ్వు."

"ఆ రూలు నగరం నుంచి వచ్చి కనిపించినదాన్నల్లా కాల్చేవాళ్ల కోసం."

"నగరం నుంచి వచ్చింది మేమే కదయ్యా," అన్నాడు అన్నయ్య. రైతు గడ్డం గోక్కున్నాడు.

కేసైతే? ఆ కాగితాలు జనవరిలో ఆ గదిలోకి వస్తే? ఎప్పుడైనా చట్టాన్ని మీరారా అని అడుగుతారు. ఇన్నాళ్లూ ఆ ప్రశ్నకి నా జవాబు ఒకటే మాట, లేదు అని. "అన్నయ్యా, నా ఇంటర్వ్యూ," అన్నాను.

ఆయన నన్ను ఫోన్ చెయ్యమనలేదు. ఒక్కసారి కూడా అనలేదు. స్కేలు తుడిచి జేబులో పెట్టుకుని, పడిపోయిన చెట్టు మీది మంచు దులిపి కూర్చుని, "ట్యాగ్ నీది. ఫోన్ నీది. నేను కొలత ఒక్కటే చెప్పాను," అన్నాడు. తర్వాత అలవాటు కొద్దీ అడిగినట్టు అడిగాడు, "వచ్చే ఆదివారం సండే స్కూల్లో ఏం పాఠం?"

"చేప కడుపులోకి వెళ్లిన ప్రవక్త."

"ఆఁ. పారిపోయినాయన," అన్నాడు.

నవ్వు, ఏడుపు రెండూ కలిసి వచ్చాయి. జింకకేసి చూశాను. వీసం. ఒక గోరంచు. తప్పుడు తూనికలు దేవునికి అసహ్యమని పిల్లల చేత ఎన్నిసార్లు కంఠస్థం పట్టించాను! అది కూరగాయల కొట్టువాడి గురించి అనుకున్నాను ఇన్నాళ్లూ. చేతి తొడుగు తీసి, అటవీ అధికారుల నంబరుకి ఫోన్ చేశాను. రెండుసార్లు తప్పు నొక్కాను.

అధికారి రావడానికి గంటన్నర పట్టింది. ముగ్గురం ఆ చెట్టు మీదే కూర్చున్నాం. రైతు మొహం ముడుచుకున్నా వెళ్లిపోలేదు. అన్నయ్య టీ పోశాడు, వదిన కట్టిచ్చిన పులిహోర పెట్టాడు. అప్పుడు ఫ్యాక్టరీ సంగతి ఒకటి చెప్పాడు, మొదటిసారీ చివరిసారీ. "బ్రేకులో పెట్టే ముక్క. వెంట్రుకంత తక్కువొచ్చింది. లాట్ మొత్తం ఆపాను. సూపర్‌వైజరు వచ్చి, నీ కొలతే తప్పేమో అన్నాడు, ఉద్యోగం పోతుంది అన్నాడు. పోతే పోనీ అనుకోలేదు తమ్ముడూ, నాకూ భయమేసింది. కానీ ఆ కార్లో ఎవరి పిల్లలు కూర్చుంటారో నాకు తెలీదు కదా." ఆ మాటలన్నీ నాకు తెలుగులోనే చెప్పాడు. రైతు ఏంటని అడిగితే, "పులిహోర ఎలా చెయ్యాలో చెప్తున్నా," అన్నాడు.

అధికారి ఒక ఆవిడ. నలభై ఏళ్లుంటాయి. నేను జరిగింది చెప్పాను. తన కొలబద్ద తీసి కొలిచింది. పెదవి విరిచి, దగ్గరికి వంగి చూసింది. "పదహారింట పదిహేను," అంది.

అన్నయ్య మొహంలో వెలుగు చూడాలి. నా జీవితం అక్కడ వేలాడుతోంది, ఆయనేమో లెక్క సరిపోయినందుకు మురిసిపోతున్నాడు.

"ముందు కొలిచిందెవరు?" అని అడిగిందావిడ. ఆయన బళ్లో పిల్లాడిలా చెయ్యెత్తాడు. "ఇన్నేళ్ల ఉద్యోగంలో వీసం కోసం తమ మీద తామే ఫిర్యాదు చేసుకున్నవాళ్లని చూడలేదు," అని తల ఊపింది. జింకని తీసుకెళ్తానంది, మాంసం పేదలకి భోజనం పెట్టే చోటికి వెళ్తుందట. నాకు జరిమానా రాయలేదు. హెచ్చరిక కాగితం ఒకటి రాసింది. దీనివల్ల గ్రీన్‌కార్డుకి ఏమైనా అవుతుందా అని అడిగాను. "నేను జింకల వరకే," అంది.

కాగితం చింపి ఇవ్వబోతుంటే అన్నయ్య, "మేడం, కొలత కూడా రాయండి," అన్నాడు.

"అవసరం లేదు."

"అయినా రాయండి, ప్లీజ్."

ఆవిడ నవ్వి, కింద 15/16 అని రాసింది.

జనవరిలో ఇంటర్వ్యూకి ఆ కాగితం పట్టుకెళ్లాను. చట్టం గురించిన ప్రశ్న రాగానే తీసి బల్ల మీద పెట్టాను. నా భార్య కళ్లు మూసుకుంది. ప్రార్థనో, నా మొహం చూడలేకో తెలీదు. ఆఫీసరు చదివాడు. మళ్లీ చదివాడు. "ఈ పదిహేను ఏంటి?" అన్నాడు. చెప్పాను. ఆయన నవ్వలేదు. కాపీ తీసుకుని అసలుది తిరిగిచ్చేశాడు. తర్వాతి ఏడు వారాలు మా ఇంట్లో జరిగిన ప్రార్థనలు దేవునికే తెలుసు. అన్నయ్య ప్రతి శుక్రవారం మా కోసం ఉపవాసం ఉన్నాడని వదిన చాలా రోజుల తర్వాత చెప్పింది.

కార్డు వచ్చింది. స్తోత్రం. ఆ సాయంత్రమే పట్టుకుని వాళ్లింటికి పరుగెత్తాం. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, కార్డుని అటూ ఇటూ తిప్పి, జేబులోంచి స్కేలు తీసి నాలుగు పక్కలా కొలిచాడు. "పాస్," అన్నాడు. వెంటనే లేచి గ్యారేజీలోకి వెళ్లిపోయాడు. ఎంతకీ రాకపోతే వదిన వెళ్లి చూసొచ్చి, "ఫ్రీజర్ మూత తీసి అందులో తలపెట్టి ఏడుస్తున్నాడు. పిలవకండి. మాంసం వెతుకుతున్నాననుకోమంటాడు," అంది.

కొన్నాళ్లకి ఆ హెచ్చరిక కాగితం ఒకసారి ఇమ్మని అడిగి తీసుకున్నాడు. ఫ్రేము కట్టించి తన గ్యారేజీ గోడకి పెట్టాడు. ఇన్నేళ్ల వేటలో ఒక్క కొమ్మూ ఎక్కని గోడ అది. మాంసం సంచుల కోసం వచ్చినవాళ్లందరికీ, "మా తమ్ముడి ట్రోఫీ," అని చూపించేవాడు. నాకు సిగ్గేసేది. తియ్యండి అన్నయ్యా అంటే, "కొమ్ములు అందరికీ దొరుకుతాయి. దీన్ని నాకు ఒక్కడైనా చూపించు," అనేవాడు.

ఉత్తరాన మా రైతు కొట్టం తలుపుకి ఆ ఏడాది నుంచి ఒక స్టీలు స్కేలు తాడు కట్టి వేలాడుతోంది. తన పొలంలో పడ్డ ప్రతి మగజింకనీ ముందు అక్కడ కొలవాల్సిందే. ఎవరు పెట్టించారంటే, "ఆ రూలుని అసహ్యించుకునే ఒకాయన," అంటాడట.

మార్చిలో సమాధి దగ్గరికి ఆ రైతు నాలుగు గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చాడు. పెట్టెని దించుతుంటే వదిన నెమ్మదిగా, "ఆయనుంటే గొయ్యి ఎడం వైపుకి వంగిందనేవాడు," అంది. ఏడుస్తున్న వాళ్లమంతా ఒక్కసారి నవ్వాం. ఎవరో ఆ మాట ఇంగ్లీషులో చెప్తే రైతు గోతి అంచు దగ్గరికి వెళ్లి, ఒక కన్ను మూసి చూసి, "నిజంగానే వంగింది," అన్నాడు.

ఆ తర్వాత వదిన నాకు రెండు వస్తువులిచ్చింది. స్కేలు, ఫ్రేము. ఇంటికి తెచ్చాక ఫ్రేముని ఎక్కడ పెట్టాలా అని నేను గోడలన్నీ చూస్తుంటే నా భార్య దాన్ని చేతిలోంచి తీసుకుని, స్టూలెక్కి, ఫైర్‌ప్లేస్ పైన మేకుకి తగిలించింది. "సరిగ్గా ఉందా?" అంది. స్కేలు పెట్టి చూశాను. కుడి పక్క వీసం కిందికుంది. అలాగే ఉండనిచ్చాను. ఎప్పుడైనా వచ్చి సరిచేస్తాడేమోనని కాదు. పునరుత్థానం రోజున ఆయనకి చేయాల్సిన పనులు వేరే ఉంటాయని నా నమ్మకం. ఊరికే, దాన్ని చూసినప్పుడల్లా ఆయన గొంతు వినిపిస్తుందని.

ఈ నవంబరులో ఒక్కణ్ణే వెళ్లాను. టోపీ తీసి ప్రార్థన చేసి కూర్చున్నాను. రెండో రోజు పొద్దున్న, ఎండ పడ్డాక, ఒక మగజింక వచ్చింది. పైన ఒక మొన, కింద ఒక మొన. నుదుటి దగ్గర పొట్టిది ఒకటి ఉంది, నిజమే. అంగుళం ఉండొచ్చు. ఉండకపోవచ్చు. ఎంతసేపు చూసినా ఆ రెండు మాటల్లో ఏది నిజమో తేలలేదు. తుపాకీ దించాను. అది నావైపు చూసి, తోక తెల్లగా ఎత్తి, తాపీగా చెట్లలోకి వెళ్లిపోయింది.

ఖాళీ చేతులతో వదిన ఇంటికి వెళ్లాను. ఆవిడ గోంగూర బయటికి తీసి కరగబెట్టి ఉంచింది. నన్నూ నా చేతుల్నీ చూసి, "ఏమైంది?" అంది.

"మగది వచ్చింది వదినా. మూడో మొన అనుమానంగా ఉంది. వదిలేశాను."

"అయితే ఈసారి కూడా దాని ప్రార్థనే ఆలకించాడన్నమాట," అని నవ్వింది వదిన. "కోడి ఉంది. గోంగూరలో వేసేస్తా. కూర్చో."